ఒట్టు కాదు, అదుపు కావాలి

 

ఈ నెల నాయుడుపేటకు చెందిన ఒక సోదరి పంపిన ప్రశ్నను తీసుకుంటున్నాను. ఆమె భర్తకు మధుమేహం ఉన్నట్లు పరీక్షలో తేలింది. రిపోర్టు చేతికి అందిన రోజునే ఆయన, ఇకపై జన్మలో మాంసం ముట్టను, తీపి ముట్టను అని అల్లాహ్ పేరు మీద ఒట్టు పెట్టుకున్నారు. నాటి నుండి బంధువుల వలీమాలకు వెళ్ళడం మానివేశారు. ఈద్ నాడు ఇంట్లో షీర్ ఖుర్మా వండవద్దన్నారు. పిల్లలు బేకరీలో దొంగచాటుగా తిని, మూతి తుడుచుకొని ఇంటికి వస్తున్నారు. అదే ఇంటిలో ఉంటున్న ఆమె మరిదిదీ అదే వ్యాధి, దారి మాత్రం వేరు. హలాల్ అయినది తింటే దోషమేముంది, అల్లాహ్ రాసిపెట్టినది తప్పుతుందా అంటూ ఆయన బిర్యానీ తిన్న రోజున ఒక మాత్రకు బదులు రెండు వేసుకుంటారు. ఈ ఇద్దరిలో ధర్మానికి దగ్గరగా ఉన్నది ఎవరు, నేను ఎవరికి వండాలి, ఏమి వండాలి అన్నది ఆ సోదరి ప్రశ్న.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. భారత వైద్య పరిశోధనా మండలి దేశవ్యాప్తంగా జరిపించిన అధ్యయన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడప మీద నిలబడి ఉన్నారు. సుమారు 31.5 కోట్ల మందికి రక్తపోటు ఉంది. కాబట్టి ఈ ప్రశ్నకు సమాధానం వెతకవలసిన అవసరం దాదాపు ప్రతి ఇంటికీ ఉంది.

హలాల్‌ను నిషేధించుకునే హక్కు ఎవరిది?

ముందుగా పెద్దాయన ఒట్టు సంగతి చూద్దాం. అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక ప్రసిద్ధ హదీసు ఉంది. కొందరు సహచరులు దైవప్రవక్త (స) ఆరాధన గురించి తెలుసుకొని, తాము ఇంకా ఎక్కువ చేయాలని తలచారు. సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం ప్రకారం ఒకరు వివాహం చేసుకోనన్నారు, ఒకరు మాంసం తిననన్నారు, ఒకరు పరుపు మీద పడుకోనన్నారు. ఈ మాట విన్న దైవప్రవక్త (స) వారిని మెచ్చుకోలేదు. తాను నమాజు చేస్తానని, నిద్ర కూడా పోతానని, ఉపవాసం ఉంటానని, విరమిస్తానని, వివాహ జీవితం గడుపుతానని తెలిపి, తన సంప్రదాయం నుండి ముఖం తిప్పుకున్నవారు తన వారు కారని హెచ్చరించారు. అల్ మాయిదా సూరా 87వ ఆయతులో కూడా అల్లాహ్ విశ్వాసులకు ఇదే బోధించాడు. ఆయన ధర్మసమ్మతం చేసిన పరిశుద్ధమైన వాటిని మనం నిషేధించుకోరాదు, హద్దు మీరనూ రాదు. ఈ రెండు ఆదేశాలూ ఒకే ఆయతులో పక్కపక్కనే ఉండటాన్ని గమనించండి. అన్నకు చెప్పినదీ, తమ్మునికి చెప్పినదీ ఒకే వాక్యంలో ఉన్నాయి.

అత్ తహ్రీమ్ సూరా ఆరంభ ఆయతుల నేపథ్యం కూడా ఆహారంతో ముడిపడినదే. దైవప్రవక్త (స)కు తీపి, తేనె ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అయినా ఒక సందర్భంలో తన సతీమణుల మనసు కోసం ఆయన ఇక తేనె తాగనని అన్నప్పుడు, అల్లాహ్ హలాల్ చేసిన దానిని నీవెందుకు నిషేధించుకుంటున్నావని ప్రశ్నిస్తూ దివ్యవాణి అవతరించింది. ఒట్ల బంధం నుండి బయటపడే మార్గాన్ని అల్లాహ్ నిర్ణయించి ఉన్నాడని తరువాతి ఆయతు తెలిపింది. ఒక ప్రవక్త ఒక చెంచా తేనెను తనకు తాను కాదనుకోవడం కూడా అల్లాహ్ దృష్టిలో చిన్న విషయం కాలేదు. అటువంటప్పుడు మనం కోపంలోనో భయంలోనో జీవితమంతటికీ వేసుకునే తాళాలు ఎలా సరైనవవుతాయి?

హజ్రత్ అలీ (రజి) పాటించిన పథ్యం

అయితే వైద్యుడు వద్దన్నది కూడా తినవలసిందేనా? కానే కాదు. నిషేధించుకోవడం వేరు, పథ్యం వేరు. ఈ తేడాను తేటతెల్లం చేసే హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఉమ్ముల్ ముంజిర్ (రజి) అనే అన్సారీ మహిళ ఇంటికి దైవప్రవక్త (స) వెళ్ళారు. వెంట హజ్రత్ అలీ (రజి) ఉన్నారు. ఆయన అప్పుడే జబ్బు నుండి కోలుకుంటున్నారు. ఇంట్లో ఖర్జూరపు గెలలు వేలాడుతున్నాయి. దైవప్రవక్త (స) తినడం ప్రారంభించారు. అలీ (రజి) కూడా లేచి తినబోగా, నీవు ఇంకా పూర్తిగా కోలుకోలేదని గుర్తుచేసి ఆయనను ఆపారు. అంతలో ఆ ఇల్లాలు బార్లీ గింజలు, సిల్ఖ్ అనే ఆకుకూర కలిపి వండి తెచ్చారు. దైవప్రవక్త (స) ఆ వంటకాన్ని చూపి, నీవు దీనిని తీసుకో, ఇది నీకు ఎక్కువ మేలు చేస్తుందని అలీ (రజి)కి చెప్పారు.

ఈ చిన్న సంఘటనలో మనకు నాలుగు పాఠాలు ఉన్నాయి. మొదటిది, ఒకే గెల ఒకరికి ఆహారం, మరొకరికి ఆ సమయానికి హాని. ఎవరి శరీరం వారిది, ఎవరి కొలత వారిది. రెండవది, అలీ (రజి)ని ఆపినందుకు ఖర్జూరపు గెలలను ఇంటి నుండి తీసివేయలేదు. ఇతరులు తినడమూ ఆగలేదు. మూడవది, వద్దని చెప్పి ఊరుకోలేదు, బదులుగా తినదగినది చూపించారు. నాలుగవది, ఆ కట్టడికి కారణం ఆరోగ్యస్థితి. స్థితి మారితే కట్టడీ మారుతుంది. ఒట్టులో ఈ వెసులుబాటు లేదు. పథ్యంలో ఉంది.

ఇష్టాయిష్టాల విషయంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఒకసారి దస్తర్‌ఖాన్ మీద వడ్డించిన ఉడుము మాంసాన్ని దైవప్రవక్త (స) ముట్టలేదు. అది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదు, మా ప్రాంతంలో ఉండేది కాదు గనుక నాకు రుచించదు అన్న భావంలో ఆయన బదులిచ్చారు. ఖాలిద్ (రజి) దానిని ముందుకు లాక్కొని ఆయన ఎదుటే తిన్నారు. ఇంటి పెద్దకు నచ్చనిది ఇంటిల్లిపాదికీ హరామ్ కానవసరం లేదని ఇంతకంటే చక్కగా ఎవరు చెప్పగలరు?

హలాల్ ఒక్కటే సరిపోదు

ఇక తమ్ముని వాదన చూద్దాం. హలాల్ అయితే చాలదా అంటున్నారు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 168వ ఆయతులో హలాల్ అనే పదం పక్కనే తయ్యిబ్ అనే పదం ఉంది. అంటే మంచిది, పరిశుద్ధమైనది. మేకను జబహ్ చేసిన పద్ధతి సరైనదే కావచ్చు. కానీ అదే నూనెను మళ్ళీ మళ్ళీ మరిగించి వేపినది, అరసేరు చక్కెర పాకంలో నానినది ఆ ఒంటికి తయ్యిబ్ అవుతుందా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో తినండి, తాగండి అన్న అనుమతి ఉంది, మితిమీరవద్దన్న కట్టడీ ఉంది. అనుమతిని మాత్రమే కంఠస్థం చేసి కట్టడిని మరచిపోవడం న్యాయం కాదు.

మిఖ్దామ్ బిన్ మాదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో దైవప్రవక్త (స) కడుపును మించిన చెడ్డ పాత్రను మనిషి నింపడని చెప్పారు. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలునన్నారు. ఇంకా కావాలంటే మూడింట ఒక వంతు ఆహారానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి వదలమన్నారు. ఇది ఏ యంత్రమూ అవసరం లేని కొలత. ముద్ద దిగుతున్నప్పుడు ఊపిరి బరువెక్కిందంటే మూడవ వంతును కూడా అన్నం ఆక్రమించిందని అర్థం.

రాసిపెట్టినది తప్పదన్న మాటకు కూడా జవాబు ఉంది. ఒంటెను కట్టివేసి అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) ఒక సహచరునికి బోధించారు. ఒంటెను విప్పి వదిలి విధి అనడం తవక్కుల్ కాదు. మాత్రల సంఖ్యను తనంతట తాను పెంచుకోవడం మరీ ప్రమాదకరం. చక్కెర ఒక్కసారిగా పడిపోతే చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, స్పృహ తప్పవచ్చు. అది ప్రాణాల మీదికీ రావచ్చు. మాత్ర తిండికి పరిహారం కాదు. దాని మోతాదును నిర్ణయించవలసినవాడు వైద్యుడే.

పెద్దాయన కూడా ఒక విషయం తెలుసుకోవాలి. రక్తంలో చక్కెరను వెంటనే పెంచేది ప్రధానంగా మాంసం కాదు, దాని కింద గుట్టగా పోసిన అన్నం. కొవ్వు తీసిన మాంసం, చేప, గుడ్డు, పప్పు మితంగా తీసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. మూత్రపిండాల సమస్య వంటిది ఉంటే వైద్యుని మాట వినాలి. అంటే ఆయన ఒట్టు పెట్టుకొని వదిలినది ఒకటి, అసలు తగ్గించవలసినది మరొకటి.

మన ఊరి పళ్ళెం

మన నాయుడుపేట స్వర్ణముఖి ఒడ్డున, చెన్నై, నెల్లూరు, తిరుపతి దారులు కలిసే చోట ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరే వరకు మనం నెల్లూరు జిల్లా వాసులం. పళ్ళెంలోనూ రెండు సీమలు కలుస్తాయి. తూర్పు నుండి వరి అన్నం, చేపల పులుసు వచ్చాయి. పడమటి నుండి రాగి సంగటి, ఉలవలు, వేరుశనగ పచ్చడి వచ్చాయి. వీటికి మన ఇళ్ళలోని దాల్చా, బగారా ఖానా, ఖుర్మా తోడయ్యాయి. సముద్రం నుండి తాజా మాంసాన్ని అందించడం తన అనుగ్రహమని అల్లాహ్ అన్ నహ్ల్ సూరాలో గుర్తుచేశాడు. తీరం ఇంత దగ్గరగా ఉన్న మనకు వారానికి రెండు పూటలు పులుసు కూడా కష్టం కాదు. అయితే చేప వేపుడు కంటే పులుసు మేలు.

బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం విషయంలో ఒక చరిత్ర ఉంది. ఈ నాడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై విచారణ విభాగంగా మొదలయింది. బియ్యం పైపొరలోని విటమిన్ పాలిష్‌లో పోవడం ఆ వ్యాధికి కారణం. పళ్ళెం ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప అన్న మన అభిప్రాయం ఎంత ఖరీదైనదో ఆ చరిత్ర చెబుతుంది. అదే సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంటున్నాయి. మన దావతు పళ్ళెంలో కూరగాయ అంటే ఒక ఉల్లిపాయ ముక్క, ఒక నిమ్మ బద్ద!

రాగి సంగటి గురించి కూడా ఒక మాట. రాగులలో సున్నం, పీచు మెండుగా ఉన్నాయి. వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం లభిస్తుంది. కానీ సంగటి మందు కాదు, అదీ పిండిపదార్థమే. పైగా అందులో బియ్యం కూడా ఉడుకుతుంది. రాగి అన్న ధీమాతో పెద్ద ముద్దలు రెండు తింటే అన్నం తిన్నదానితో సమానమే. చిన్న ముద్ద, గిన్నెడు ఆకుకూర పప్పు, ఒక ముక్క కూర ఉంటే అది పూర్తి భోజనం.

పండుగ ఏది, అలవాటు ఏది

మన లెక్క తప్పేది ఇక్కడే. సంవత్సరానికి రెండు ఈదులు. ఒక గిన్నె షీర్ ఖుర్మా మీద ఇంత రభస చేస్తాము. కానీ రోజూ తాగే టీ సంగతి ఎవరూ ఎత్తరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం చక్కెర, బెల్లం, తేనె, పండ్ల రసాలలోని తీపి అన్నీ కలిపి రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలు. అంటే సుమారు ఆరు చెంచాలు. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున, రెండేసి చెంచాలతో నాలుగు టీలు తాగితే 32 గ్రాములు. బిస్కెట్టు ముట్టకముందే హద్దు దాటిపోయింది. ఇది ఆరోగ్యవంతుల లెక్క. షుగరు ఉన్నవారి హద్దు ఇంకా తక్కువ. బెల్లం, తేనె వాడితే ఫరవాలేదన్నది కూడా అపోహే.

కాబట్టి తగ్గించవలసినది పండుగను కాదు, ప్రతి దినాన్నీ పండుగ చేసుకునే అలవాటును. హజ్రత్ ఆయిషా (రజి) మాటల ప్రకారం దైవప్రవక్త (స) ఇంట నెలల తరబడి పొయ్యి వెలగని రోజులు ఉండేవి, ఖర్జూరాలు, నీళ్ళే ఆహారం. మాంసం లభించిన నాడు ఆయన దానిని ఇష్టంగా తిన్నారు. ముందుకాలి మాంసం అంటే ఆయనకు ప్రీతి. దోసకాయతో ఖర్జూరాలను కలిపి తినేవారు. ఏనాడూ ఆహారానికి వంక పెట్టలేదు, ఇష్టమైతే తిన్నారు, లేకుంటే వదిలేశారు. లేనినాడు ఓర్పు, ఉన్ననాడు కృతజ్ఞత, రెండు రోజులూ ఆరాధనే.

రమజాన్ సాయంత్రాలను కూడా ఈ వెలుగులో చూసుకోవాలి. ఇఫ్తార్‌కు పండు ఖర్జూరాలు, లేకుంటే ఎండువి, అవీ లేకుంటే కొన్ని గుక్కల నీరు అన్నది సున్నత్. ఎండు ఖర్జూరంలో బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. షుగరు ఉన్నవారు ఒక్కదానితో సున్నత్ పూర్తి చేసుకోవచ్చు. పిడికెడు ఖర్జూరాలు, గ్లాసుడు షర్బత్, పళ్ళెం నిండా సమోసాలు సున్నత్ లెక్కలోకి రావు. రోజా ఉండగలరా లేదా అన్నది నెల ముందే వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. రోగులకు అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించడం కూడా విధేయతే.

దావతు మర్యాద

వలీమా పిలుపును అంగీకరించడం సున్నత్. కానీ అంగీకరించడమంటే పొట్ట పగిలేలా తినడం కాదు. ఉపవాసంలో ఉన్నవాడు కూడా పిలుపును అందుకొని ఆ ఇంటివారి కోసం దుఆ చేయవచ్చని హదీసు తెలుపుతోంది. ఉపవాసిని సైతం ఆహ్వానించిన ధర్మం షుగరు రోగిని గడప బయట నిలబెడుతుందా? వెళ్ళండి, సలాం చెప్పండి, ముందు పెరుగు పచ్చడి, కీరా, తరువాత రెండు ముక్కలు, చివర గుప్పెడు బిర్యానీ తినండి. మీఠా ఒక చెంచా రుచి చూడండి, లేదా దుఆ చేసి లేవండి.

ఆతిథ్యం ఇచ్చేవారికి కూడా ఒక మనవి. మా మీద ప్రేమ ఉంటే ఇంకొంచెం వేసుకోవాలి, వదినా మీరేమీ తినలేదు అంటూ గరిటెతో వెంటపడటం ప్రేమ కాదు. వద్దు అన్న మాటను మొదటిసారే గౌరవించడం అతిథి మర్యాద. మదరసా దస్తర్‌ఖాన్ వద్ద నేను గమనించే విషయమేమిటంటే, ఒకేసారి నింపిన పళ్ళెంలో అన్నం మిగులుతుంది, రెండు విడతలుగా కొద్దికొద్దిగా పెట్టిన పళ్ళెం ఖాళీ అవుతుంది. దావతులకూ ఇదే వర్తిస్తుంది.

వంటింటిలోని వాటా

సమతుల్యం అనగానే అతిగా తినేవారి గురించే మాట్లాడుతాము. చాలని తిండితో సర్దుకునేవారినీ గుర్తుంచుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అందరికీ వడ్డించి, మిగిలిన పులుసుతో అన్నం కలుపుకొనే తల్లి కథే ఈ అంకెలో చాలా భాగం. సల్మాన్ ఫారసీ (రజి) తన మిత్రుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన ఆరాధనలో మునిగి భార్యను, శరీరాన్ని పట్టించుకోవడం లేదని గ్రహించారు. మీరు తింటేనే నేను తింటానని పట్టుబట్టి ఆయనతో భోజనం చేయించారు. ప్రభువుకు, శరీరానికి, కుటుంబానికి ఎవరి హక్కు వారికి ఇవ్వాలని చెప్పారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఇంటిలోని స్త్రీ మొదటి వాయిలోనే కూర్చొని, ముక్క ఉన్న కూరతో తినడం కూడా ఆ హక్కులలో భాగమే.

ఆ సోదరికి సమాధానం

అమ్మా, మీ వారు అల్లాహ్ పేరు మీద పెట్టుకున్న ఒట్టు జీవితాంతం మోయవలసిన భారం కాదు. ఒట్టు పెట్టుకున్న తరువాత అంతకంటే మేలైనది కనిపిస్తే, మేలైనదే చేసి పరిహారం చెల్లించమని దైవప్రవక్త (స) బోధించారు. అల్ మాయిదా 89వ ఆయతు ప్రకారం ఆ పరిహారం పది మంది నిరుపేదలకు, మనం ఇంట్లో తినే మధ్యరకపు భోజనం పెట్టడం, లేదా వారికి దుస్తులు ఇవ్వడం. ఆ స్తోమత లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. షుగరు ఉంది గనుక ఉపవాసం వైపు తొందరపడకండి. ఆయన అన్న మాటలను యథాతథంగా మీకు దగ్గరలోని ముఫ్తీగారికి వినిపించి వివరాలు తెలుసుకోండి. పది మంది పేదల ఆకలి తీర్చి తన ఒట్టు నుండి విడుదల కావడం ఎంత చక్కని ఏర్పాటో ఆలోచించండి.

ఒట్టు పోయాక పథ్యం మిగలాలి. వంట రెండు రకాలుగా చేయవలసిన అవసరం లేదు. ఒకే కూర, నూనె తక్కువ, ఆకుకూర ఎక్కువ, అన్నం ఎవరి కొలత వారికి. ఇది పిల్లలకూ మేలే. ఈద్ నాడు షీర్ ఖుర్మా వండండి. చక్కెర తగ్గించి, బాదం, పాలు ఉంచి చిన్న గిన్నెలలో పోయండి. ఆయనకు ఎంత తగునో వైద్యుని అడిగి నిర్ణయించుకోండి. పిల్లలు మీ కళ్ళెదుట తిననివ్వండి. దాచుకొని తినే పిల్లవానికి తీపితో పాటు అబద్ధమూ అలవాటవుతుంది. షుగరు కంటే ఆ జబ్బుకు మందు దొరకడం కష్టం.

మీ మరిదికి ఈ మాట చెప్పండి. శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్. కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు అన్నీ ఆ అమానత్‌లోనివే, షుగరు మొదట దెబ్బతీసేవీ అవే. రాత్రి భోజనం ఇషాకు ముందే ముగించి, అన్నదమ్ములు ఇద్దరూ మస్జిదుకు నడిచి వెళ్ళి, నడిచి రావాలి. అన్నగారి పట్టుదలలో సగం తమ్మునికి, తమ్ముని తేలికతనంలో సగం అన్నగారికి పంచగలిగితే ఆ ఇంటి దస్తర్‌ఖాన్ మళ్ళీ ఒక్కటవుతుంది.

పరిశుద్ధమైన ఆహారాన్ని తిని కృతజ్ఞత తెలిపే నాలుకను, చాలును అని చెప్పగల మనసును, తన ఆరాధనలో అలసిపోని శరీరాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.